రెండు ముక్కల మామిడి

జూన్ మాసపు సాయంకాలం. ఢిల్లీలో వడగాలి ఇంకా తగ్గలేదు. యమునకు ఆవలి ఒడ్డున, ఒక కాలనీ సందు మొగలో నిలిచిన తోపుడుబండి ముందు ఒక పెద్దాయన ఆగారు. బండి నిండా మామిడిపండ్లు. "సఫేదా హై బాబూజీ, ఏక్‌దమ్ మీఠా!" అన్నాడు బండివాడు. ఆయన ఒక పండును చేతిలోకి తీసికొని వాసన చూశారు. ఢిల్లీ బజారులో సఫేదా అని పిలిచే ఆ పండు మన బంగినపల్లియే. మారు మాటాడక దానిని తిరిగి బండిపై ఉంచి, ఇంటిదారి పట్టారు.

ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై యేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి పొందిన ఉద్యోగి. స్వస్థలం నూజివీడు ప్రాంతం. మధుమేహం బయటపడి ఏడేండ్లయింది. ఆనాడే ఆయన పండును త్యజించారు. అందుకు కారణం తండ్రి. ఆయనకూ ఇదే వ్యాధి. ఆ రోజులలో మధుమేహరోగికి పండు విషమని ఊరంతా నమ్మింది. చుట్టూ మామిడితోటలు. చివరి మూడు వేసవులూ ఆ వృద్ధుడు అరుగుపై కూర్చుండి, గంపలు బండ్లకెక్కడం చూశాడే గాని, ఒక్క ముక్క నోట పెట్టలేదు. అయినను కాలిపుండు మానలేదు. ఆ పుండే ఆయనను బలిగొన్నది. కుమారుని మనస్సులో మామిడిపండూ, కాలిపుండూ ఒకే జ్ఞాపకంగా నిలిచిపోయినవి.

ఇంత నిగ్రహం పాటించినా, మూడు నెలలకొకసారి చేయించే రక్తపరీక్షలో ఫలితం మాత్రం ఆశాజనకంగా లేదు. వైద్యుడు ఆయనను పోషకాహార నిపుణురాలి వద్దకు పంపాడు. ఆమె మందలించలేదు. "ఒక వారం రోజులు మీరు తిన్నది, త్రాగినది, అంతా వ్రాసి తీసికొని రండి" అన్నది.

ఆ కాగితమే అసలు సంగతి బయటపెట్టింది. ప్రొద్దుట నడక ముగించి రాగానే పంచదార లేని బత్తాయిరసం ఒక గ్లాసు. "ఏమండీ, పండెలాగూ ముట్టరు, రసమైనా పుచ్చుకోండి, నీరసించిపోతారు" అని భార్య బలవంతం. మధ్యాహ్నం మిఠాయికి బదులు నాలుగైదు ఖర్జూరాలు, గుప్పెడు ఎండుద్రాక్ష. సాయంత్రం టీతో ఉప్పు జీడిపప్పు, లెక్క లేకుండా. పాత ఢిల్లీలో ఫతేపురి మసీదు ప్రక్కనున్న ఖారీ బావలీ బజారు నుండి ఆయనే ప్రతి నెలా వీటిని తెచ్చుకొనేవారు. ఎండుఫలాలు బలవర్ధకములు గనుక వాటివలన హాని లేదని ఆయన విశ్వాసం.

నిపుణురాలు విడమరచి చెప్పింది. వంద గ్రాముల తాజా ద్రాక్షలో పిండిపదార్థాలు, చక్కెరలు కలిసి సుమారు 18 గ్రాములు. ఎండుద్రాక్షలో సుమారు 79 గ్రాములు. ఎండినప్పుడు పోయేది నీరు మాత్రమే. చక్కెర ఎక్కడికీ పోదు. గ్లాసు రసానికి మూడు నాలుగు బత్తాయిలు కావాలి. వాటిని ఒలిచి, నమిలి తినేటందుకు పావుగంట పడుతుంది. పీచు కూడ లోపలికి పోతుంది. రసమైతే రెండు నిమిషాల పని. అందువలననే రక్తంలో గ్లూకోజు త్వరితంగా పెరుగుతుంది. గ్లూకోజు హఠాత్తుగా పడిపోయి చెమటలు, వణుకు పుట్టినప్పుడు అర గ్లాసు రసం ఇవ్వమని వైద్యులు చెప్పేది కూడ ఇందుకే. ఆపదలో అది ఔషధం, నిత్యపానీయం కారాదు.

1,87,000 మందికి పైగా అమెరికన్ ఆరోగ్యరంగ ఉద్యోగులను ఏండ్ల తరబడి పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనం కూడ ఇటువంటి సంగతినే సూచించింది. ద్రాక్ష, ఆపిల్ వంటి పండ్లను పండ్లుగానే తిన్నవారిలో రెండవ రకపు మధుమేహం తక్కువగా, పండ్లరసం ఎక్కువగా త్రాగినవారిలో ఎక్కువగా కనిపించింది.

ఆమె చెప్పిన కొలత సులభమైనది. ఒక చిన్న ఆపిల్, ఒక మధ్యరకం జామపండు, పెద్ద అరటిపండులో సగం, వంద గ్రాముల మామిడి ముక్కలు — వీటిలో దేనినుండి అయినా లభించే పిండిపదార్థం సుమారు 15 గ్రాములే. ఒకసారికి అంత చాలును. జామపండులో పీచు హెచ్చు గనుక అది మరింత మేలు. బాదం, అక్రోటు, వేరుసెనగలలో చక్కెర స్వల్పం, మంచి కొవ్వు అధికం. అయితే వంద గ్రాముల బాదంపప్పులో సుమారు 580 కేలరీలున్నవి. కనుక ఉప్పు లేనివి, చిన్న గుప్పెడు, అనగా ముప్ఫై గ్రాములు మించకుండా తినవలెను. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం పండ్లయినా, పప్పులయినా వైద్యుని అడిగిన పిమ్మటే తినవలెను.

"మా వీథిలోనివారు నేరేడు గింజల పొడి తీసికొంటే మాత్రలు మానవచ్చునంటారు" అని ఆయన సందేహం వెలిబుచ్చారు. ఆమె నవ్వింది. "వానలు పడగానే ఇండియా గేటు దారుల్లో నేరేడుపండ్లు అమ్ముతారు. సంతోషంగా తినండి. మాత్రలు మాత్రం మానకండి."

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహగ్రస్తులు 10 కోట్లకు పైబడినారు. వారిలో ఎందరి ఇండ్లలో పండు నిషిద్ధమై, రసమూ ఖర్జూరమూ నిరాటంకంగా సాగుతున్నవో!

మరునాటి సాయంత్రం ఆయన ఆ బండి వద్దనే ఒక సఫేదా కొన్నారు. భార్య వంటింటి త్రాసులో వంద గ్రాములు తూచింది. రెండు పెద్ద ముక్కలు వచ్చినవి. ఆ రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించారు. భోజనానికి ముందొకసారి, మొదటి ముద్ద నోట పెట్టిన రెండు గంటలకు మరొకసారి వ్రేలి చివర రక్తం తీసి పరీక్షించుకొన్నారు. అంకె వైద్యుడు గీసిన గీత దాటలేదు. దానిని పుస్తకంలో వ్రాసికొని, చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు.

"సఫేదా ఎలా ఉందండీ?" అని భార్య అడిగింది.

"బంగినపల్లి" అన్నారాయన. "నాన్నగారికి ఈ లెక్క చెప్పినవారు లేకపోయారు."