ఊరి పేరు ఏం చెబుతుంది?



మీ ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చిందో మీకు తెలుసా? "మాది చిన్న పల్లె, దానికి చరిత్ర ఏముంటుంది?" అని మీరు అనవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా కోల్‌కతా పక్కనున్న న్యూ టౌన్‌లో ఉంటున్నాడు. ఒక చలికాలం నేను అక్కడ రెండు నెలలు గడిపాను. రాజార్‌హాట్ ప్రాంతంలోని పల్లెల పొలాలు, చేపల చెరువులు సేకరించి ఆ పట్టణాన్ని కట్టారు. దానిని నిర్మించిన హిడ్కో అనే ప్రభుత్వ సంస్థ 1999లో ఏర్పడింది. ఇప్పుడు అక్కడ వెడల్పైన రోడ్లు, ఎత్తైన మేడలు కనిపిస్తాయి. 2012లో తెరిచిన ఎకో పార్కు విస్తీర్ణం 480 ఎకరాలు. ఒక పెద్ద కూడలిలో, రోడ్డుకు చాలా ఎత్తున, 2019లో ప్రారంభమైన విశ్వబంగ్లా గేటు ఉంది.

ఒక సాయంత్రం ఆ గేటు దగ్గర టీ తాగుతూ, "ఇక్కడ అంతా కొత్తదే, పాతది ఒక్కటీ లేదు" అన్నాను. టీ అమ్మే పెద్దాయన నవ్వాడు. "దాదా, ఈ కూడలి పేరు తెలుసా? నార్కెల్ బాగాన్" అన్నాడు హిందీలో. నారికేళం అంటే కొబ్బరికాయ అని మనకు తెలుసు. బాగాన్ అంటే తోట. నేను తల పైకెత్తి చూశాను. చెట్లు కనిపించలేదు. పేరు మాత్రం మిగిలింది.

మర్నాడు న్యూ టౌన్‌కు దగ్గరలోనే ఉన్న మహిష్‌బాథాన్‌కు వెళ్లాను. మహిషం అంటే గేదె, బాథాన్ అంటే పశువుల మంద ఉండే చోటు. పేరు వింటే గేదెల పల్లె అనుకుంటాం. కాని 1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగిన చోట్లలో అది ఒకటి. గాంధీజీ అనుచరుడు సతీశ్‌చంద్ర దాస్‌గుప్తా నాయకత్వంలో వాలంటీర్లు అక్కడ ఉప్పు తయారుచేసి చట్టాన్ని ధిక్కరించారు. అదే ఏడాది మన దేవరంపాడులోనూ ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిచింది. ఎక్కడి బెంగాల్, ఎక్కడి ఒంగోలు ప్రాంతం! రెండు పల్లెలూ ఒకే పోరాటంలో నిలిచాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్నగారి ఊరు ఒక జలాశయంలో మునిగిపోయింది. అప్పుడు నేను చిన్నవాణ్ణి. ఊరి మధ్య రాతి బావి, రచ్చబండ, గుడి ముందు వేపచెట్టు లీలగా గుర్తున్నాయి. ఆ బావిని ఎవరు తవ్వించారో, ఊరికి ఆ పేరు ఎవరు పెట్టారో నాన్నగారికి తెలుసు. ఆయన చెప్పబోతే, "తరవాత వింటాను" అనేవాణ్ణి. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు. నా మనుమరాలు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మీకు ఇంకా సమయం ఉంది. చదవడం, రాయడం నేర్చుకుంటున్న మీ చేతిలో ఇప్పుడు కలం ఉంది. మీ ఇంట్లోనో, వీధిలోనో ఉన్న పెద్దవాళ్లను ఈ వారమే అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి.

మీరు చేయండి

1. మీ ఊరి పేరుకు అర్థం ఏమిటి? ఇద్దరు పెద్దలను అడిగి, ఇద్దరి మాటా రాయండి.
2. మీ ఊరిలోని చెరువు, బావి, గుడి, మసీదు, చర్చి, బడి, పాత చెట్టు – వీటిలో ఒకదాని గురించి పది వాక్యాలు రాయండి.
3. ఇప్పుడు లేకపోయినా, పేరులో మాత్రం మిగిలిన చోటు మీ ఊరిలో ఏదైనా ఉందా?