మూడో వానాకాలం

మాది పలివెల. ఉమా కొప్పులింగేశ్వర స్వామి గుడితో పేరుపడ్డ ఊరు. వడ్రంగం మా ఇంటి వృత్తి. మా నాన్న ద్వారబంధాలు, దూలాలు, వాసాలు చేసేవారు. నేను వాటితోనే చెయ్యి తిప్పుకున్నా, ఇప్పుడు ఎక్కువగా చేసేది వంటింటి అరలు, వార్డ్‌రోబులు, టీవీ యూనిట్లు. ముచ్చటపడి చేయించుకున్న పని ఎప్పటికి మొహం మొత్తుతుందో మాకు బాగా తెలుసు. చెయ్యడానికి పిలిచేదీ, విప్పడానికి పిలిచేదీ మమ్మల్నే. కోనసీమలో ఆ గడువు సుమారు మూడో వానాకాలం.

అన్నిటికంటే ముందు విసుగు పుట్టించేది ఫాల్స్ సీలింగు. శ్లాబు పదడుగుల ఎత్తున ఉంటే, దాని కింద జిప్సం బోర్డు బిగించి అడుగు దాకా తినేస్తారు. మధ్యలో రంగురంగుల లైట్లు. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళంతా తలెత్తి చూస్తారు. తర్వాత శ్లాబు ఎక్కడో చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మ బోర్డు మీద పసుపు మరకై దిగేదాకా ఇంట్లోవాళ్ళకి తెలియదు. పైసందులో ఎలకలు చేరతాయి. వరస లైట్లలో రెండు ఆరిపోతే మిగతావి వెలిగించబుద్ధి కాదు. "మేస్త్రిగారండీ, దీన్ని తీసేసి ఫ్యాను పైకి పెట్టించండి, ఉక్కపోతకి చచ్చిపోతున్నాం" అని ఆడవాళ్ళు అడిగినప్పుడు నాకు ఆశ్చర్యమనిపించదు.

వంటింటి సంగతి ఇంకా బాధ. మా పక్క ఎన్నో ఇళ్ళు కువైట్, దుబాయ్, మస్కట్‌లలో ఇంటిపనులు చేసిన ఆడవాళ్ళ కష్టార్జితంతో లేచాయి. ఏళ్ళతరబడి పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి సంపాదించిన డబ్బు అది. అలాంటి ఇంట్లో తళతళలాడే మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తారు. పైన లామినేటు అద్దంలా మెరుస్తుంది. లోపల ఉన్నది చెక్కపొట్టును జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు. సింకు కింద గొట్టం చుక్క చుక్క కారితే చాలు, అంచులోంచి నీరు లాగి ఉబ్బిపోతుంది. ఉబ్బిన బోర్డులో మరమేకు మళ్ళీ పట్టదు. మడతబందులు ఊడి రెక్క చేతికొస్తుంది. బాగు చెయ్యమని పిలుస్తారు. చెక్కయితే చిత్రిక పడతాం, అతుకు వేస్తాం. ఆ బోర్డుకు చేసేదేమీ లేదు, మార్చడమే. ఆ మాట ఆ ఇల్లాలికి చెప్పడం నా వృత్తిలో నాకు అన్నిటికంటే కష్టమైన పని.

హాలుకీ వంటగదికీ మధ్య గోడ తీసేసిన ఓపెన్ కిచెన్ కూడా అంతే. వరద నీటికి పులస వచ్చే సీమ మాది. చేపల పులుసు మరిగినా, తిరగమోత పెట్టినా ఆ వాసన సోఫా గుడ్డలకీ కర్టెన్లకీ పట్టి నాలుగు రోజులు వదలదు. గోడ కొట్టించుకున్నవాళ్ళే అడ్డంగా అద్దాల తలుపు పెట్టించమని మళ్ళీ కబురు చేస్తున్నారు.

పాత ఇళ్ళలో అంతా సుఖమేనని నేను అనను. పెంకుటింట్లో వంటగది చీకటిగా, పొగచూరి ఉండేది. ఏటా వానలకు ముందు పెంకులు సర్దించాలి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకు కోనసీమలో పైకప్పులు ఎగిరిపోయాయి, కొబ్బరితోటలు నేలకొరిగాయి. అది చూసినవాళ్ళు శ్లాబు వేసుకున్నారంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నేనూ శ్లాబు ఇంట్లోనే ఉంటున్నాను.

కానీ ఆ పాత ఇళ్ళకి వాన అంటే ఏమిటో తెలుసు. మండువా లోగిలిలో నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది. మధ్యలో పడ్డ నీళ్ళు తూములోంచి బయటికి పోతాయి. ఆ ఖాళీలోంచే వెలుతురూ గాలీ. వీధివైపు చూరు అరుగు దాటి ముందుకు వస్తుంది కనక గోడ మీద జల్లు పడదు. ఇప్పుడు ఎలివేషన్ చదునుగా, పెట్టెలాగా ఉండాలని సన్‌షేడ్లు కూడా ఎత్తేస్తున్నారు. ఈదురుజల్లు నేరుగా గోడకీ కిటికీకీ కొడుతుంది. గోడ నీరు పీల్చి లోపలివైపు సున్నం పొలుసులు లేస్తుంది. శ్రావణం వచ్చిందంటే తలుపులు బిగుసుకుపోయాయని నాకు ఒకటే ఫోన్లు. ఏటా అంచు గీసుకుంటూ పోతే ఎండాకాలంలో అదే తలుపు సందు పడుతుంది. లోపం తలుపులో లేదు, పైన సన్‌షేడు లేకపోవడంలో ఉంది.

అరుగులు పోవడం నాకు మరీ బెంగ. శివరాత్రికి గుడికి వచ్చిన జనం ఏ అరుగు మీదైనా కూర్చుని నడుం వాల్చేవారు. వాటి చోటులోకి నిలువెత్తు ప్రహరీ, స్టీలు రెయిలింగూ వచ్చాయి. ఆ స్టీలు చాలా చోట్ల 304 రకం కాదు, చవకలో దొరికే 202. వానకి దాని మీద తుప్పు చుక్కలు లేస్తాయి. వీధి వైపు కూర్చునే చోటే లేక ముసలివాళ్ళు నున్నటి టైల్సు వేసిన పోర్టికోలో కుర్చీ వేసుకుంటున్నారు. తడి కాలు పడితే అక్కడ జారడం ఖాయం.

కొత్తగా ఇంకొకటి వచ్చింది. మండువా ఇల్లు పడగొట్టి అమ్మేసిన టేకు స్తంభాలను కొనుక్కొచ్చి, హాలు మూలల్లో అలంకారానికి నిలబెట్టమంటున్నారు. పైన దూలం ఉండదు, మోసే బరువూ ఉండదు. ఆ స్తంభం మీద నాకంటే ముందుతరం వడ్రంగి ఉలి గుర్తులు కనిపిస్తాయి. ఆ కలపతో ఈ ఇంటికే ద్వారబంధం చేయిద్దామని బతిమాలి చెబుతాను. ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళలో ఆ గుమ్మాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఇల్లు కట్టుకునే అక్కచెల్లెళ్ళకి, అన్నదమ్ములకి నా మనవి ఇంతే. సీలింగుకి పెట్టే డబ్బుతో కిటికీలన్నిటికీ రెండడుగుల సన్‌షేడు వేయించండి. సింకు కింద మాత్రం పార్టికల్ బోర్డు వద్దు. ప్లైవుడ్డయితే దాని మీద నీటిని తట్టుకునే రకమని చెప్పే ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో మీ కళ్ళతో చూసుకుని, ఆ తర్వాతే మేస్త్రి చేతికివ్వండి.