సిపాయి తల్లినయ్యాక

మన ఏజెన్సీ ఊళ్లలో ‘సిపాయి’ అనే మాట వెనక పాత భయం ఒకటి ఉంది. మా అమ్మమ్మ కాలంలో అన్నం తినని పిల్లల్ని బూచోడి పేరు చెప్పి కాదు, సిపాయిల పేరు చెప్పి బెదిరించేవాళ్లు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1858లో కొండరెడ్ల నాయకుడు కారుకొండ సుబ్బారెడ్డి ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడితే పట్టుకుని బుట్టాయగూడెంలో ఉరి తీశారు. ఆయన శవాన్ని ఇనుప పంజరంలో పెట్టి రాజమండ్రి కోటగుమ్మం దగ్గర వేలాడగట్టారని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 1879లో రంప పితూరీని అణచడానికి మద్రాసు సైన్యం కొండలెక్కింది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజునూ, గాము గంటం దొరనూ వేటాడటానికి మలబార్ స్పెషల్ పోలీసులనీ, అస్సాం రైఫిల్స్‌నీ దించారు. మన తాతముత్తాతలకు సైన్యమంటే పిల్లలు వెళ్లి చేరే చోటు కాదు. మన మీదికి వచ్చేది.

ఇప్పుడు నేను ఒక సిపాయి తల్లిని. పాత పశ్చిమ గోదావరి, ఇప్పటి ఏలూరు జిల్లా ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెబుతాను. మా ఇంట్లోగానీ, మా ఊళ్లోగానీ మా వాడికంటే ముందు సైన్యంలో చేరినవాళ్లు లేరు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా తర్వాత ఇంకో తల్లికి ఈ రోజు వస్తుంది. ఆమెకు పనికొస్తే చాలు.

మా వాడి మనసు సైన్యం మీదికి ఎప్పుడు మళ్లిందో నాకు తెలుసు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వాళ్లలో కల్నల్ సంతోష్ బాబు మన తెలుగువాడు, సూర్యాపేట ఆయనది. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నాడు. తెలుగు పేపర్లన్నీ ఆయన గురించే రాశాయి. మా వాడు మాత్రం మిగతా పేర్లు వేలితో చూపిస్తూ చదివాడు. అందులో గణేశ్ రామ్ కుంజం అని ఉంది. ఛత్తీస్‌గఢ్ కాంకేర్ జిల్లా కుర్రాడు. కుంజం మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు. మన ఊళ్లలో ఆ ఇంటిపేరువాళ్లు ఎంతమందో మీకు తెలుసు. జార్ఖండ్ నుంచి గణేశ్ హాంసదా, బెంగాల్ బీర్భూమ్ నుంచి రాజేశ్ ఒరాంగ్ అనే ఆదివాసీ పిల్లల పేర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. “అమ్మా, మనవాళ్లు ఎప్పటినుంచో వెళ్తున్నారు, మనకే తెలీదు” అన్నాడు మా వాడు.

తర్వాత వాడే వెతికి చెప్పాడు, సంతోష్ బాబు పనిచేసిన బిహార్ రెజిమెంటు యుద్ధనినాదాల్లో ఒకటి ‘బిర్సా ముండా కీ జై’ అని. ఇంగ్లీషు సర్కారు జైల్లో 1900లో కన్నుమూసిన బిర్సా పేరు ఇవాళ సైనికుల నోట పలుకుతోంది. 1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా ఒరాన్ ఆదివాసీ అని కూడా వాడి ద్వారానే తెలిసింది. కొడుకు చెబుతుంటే టీచరుగా సంతోషించాను. తల్లిగా మాత్రం ఆ పేర్లన్నీ చనిపోయినవాళ్లవే అన్న సంగతి దగ్గరే ఆగిపోయాను.

సంతోష్ బాబు వాళ్ల అమ్మగారు టీవీలో మాట్లాడినప్పుడు, ఒక్కగానొక్క కొడుకు పోయిన దుఃఖమూ ఉంది, దేశం కోసం పోయాడన్న గర్వమూ ఉంది అన్నారు. ఆ రోజు ఆమె ధైర్యానికి ఆశ్చర్యపోయాను. ఇప్పుడు వేరేగా అర్థమవుతోంది. ఆవిడ ఒకదానితో ఇంకోదాన్ని కప్పిపుచ్చలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. బిడ్డను పంపిన ఇంట్లో ఆ రెండూ ఒకే కంచంలో తింటాయి.

2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించారు. మా వాడు 2023లో కంప్యూటర్ పరీక్ష రాశాడు, తర్వాత మైదానంలో పరుగు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు. జీడితోటల మధ్య మట్టిరోడ్డు మీద తెల్లవారుజామున వాడు పరిగెడుతుంటే వాళ్ల నాన్న టార్చిలైటు పట్టుకుని నిలబడేవాడు. లెక్కలు మాత్రం నేను వేశాను. పని నాలుగేళ్లు. మొదటి ఏడాది నెలకు 30,000, అందులో 9,000 నిధికి పోగా చేతికి 21,000. చివర్లో సేవా నిధి సుమారు 11.71 లక్షలు. నాలుగేళ్ల తర్వాత ఎక్కువలో ఎక్కువ నలుగురిలో ఒకరిని ఉంచుకుంటారు. మిగతా ముగ్గురు ఇంటికి వస్తారు. ఆ ముగ్గురిలో మా వాడుంటే ఇరవై మూడేళ్లకి మళ్లీ మొదటినుంచి పని వెతుక్కోవాలి. చావు భయం గురించి అందరూ మాట్లాడతారు. ఈ భయం గురించి ఎవరూ మాట్లాడరు. మా ఇంట్లో రాత్రుళ్లు ఎక్కువ చర్చ దీనిమీదే జరిగింది.

శిక్షణ ముగిసి సెలవు మీద వచ్చాడు. పోస్టింగ్ లద్దాఖ్ వైపు. సెలవు ముగియగానే బయల్దేరాలి. అప్పుడు మాకు తట్టింది, బిడ్డను సైన్యానికి సాగనంపే పద్ధతి అంటూ మనకేమీ లేదని. పుట్టుకకు, పెళ్లికి, చావుకు, విత్తనానికి, కొత్త పంటకు అన్నిటికీ పద్ధతులున్నాయి. దీనికి లేదు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. అందరూ ‘మిలటరీ మాధవరం’ అంటారు. ఆ ఊరివాళ్లు రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లారు, ఇప్పటికీ వెళ్తున్నారు. పిల్లలకు కెప్టెన్, మేజర్ అని పేర్లు పెట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయంటారు. అక్కడ ఒక తల్లి కొడుకును పంపిందంటే, అంతకుముందే పంపిన అత్తగారు ఇంట్లో ఉంటుంది. ఉత్తరం రాకపోతే ఎన్నాళ్లు ఆగాలో, ఫోను మోగకపోతే ఎవర్ని అడగాలో ఆవిడకు తెలుసు. నూరేళ్లలో ఆ ఊరు సంపాదించుకున్న అసలు ఆస్తి అదే అనిపిస్తుంది నాకు. ఆ తెలివిడి మనకు ఇంకా లేదు. మనమే కూడబెట్టుకోవాలి.

మాకు మొదట వచ్చిన చిక్కు మామిడి కొత్త. కొత్త చెయ్యకుండా మా ఊళ్లో ఎవరూ మామిడికాయ నోట పెట్టరు. మా వాడు వెళ్లేనాటికి కొత్త పండగ ఇంకా కాలేదు. అక్కడ క్యాంటీన్లో మామిడికాయ పచ్చడి వడ్డిస్తే వాడేం చెయ్యాలి? నవ్వులాటకు అడిగినట్టే అడిగాడు గానీ వాడి మొహంలో నవ్వు లేదు. ఊరి పూజారిని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి, “ఇక్కడ కొత్త చేసి, వాడి వంతు తీసి పెట్టండి. చేశామని కబురు చెప్పండి. ఆ తర్వాత వాడు తినొచ్చు” అన్నాడు. ఆ ఏడాది అలాగే చేశాం. పక్క ఊళ్లో సీఆర్పీఎఫ్‌లో చేరిన కుర్రాడి ఇంట్లోనూ అదే చేశారని తర్వాత విన్నాను. పద్ధతులు ఇలాగే పుడతాయేమో.

వెళ్లే రోజు జంగారెడ్డిగూడెం నుంచి బస్సులో కొయ్యలగూడెం, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరి, వంతెన దాటి రాజమండ్రి స్టేషనుకి వెళ్లాం. మా ఆయన దారంతా సంచి తాడు సరిచేస్తూనే ఉన్నాడు. “జాగ్రత్తరా” తప్ప ఇంకో మాట లేదు. రైలు కదిలాక, సుబ్బారెడ్డిని వేలాడగట్టిన కోటగుమ్మం ఈ ఊళ్లోనే కదా అని గుర్తొచ్చింది. కోపంతో కాదు, దుఃఖంతోనూ కాదు. గోదావరి ఒడ్డున ఒకే ఊరు ఇన్ని చూసిందా అని.

లేహ్ సముద్ర మట్టానికి పదకొండు వేల అడుగులకు పైన ఉంది. దిగగానే పనిలోకి పంపరట. ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి ఆరు రోజులు. మొదటి రెండు రోజులూ పూర్తి విశ్రాంతి, తర్వాత కొద్దికొద్దిగా నడక. ఇంకా పైకి వెళ్లేకొద్దీ మళ్లీ నాలుగేసి రోజులు ఆగాలి. ఈ సంగతి తెలిశాక నా గుండె కొంచెం కుదుటపడింది. తెలియని భయంకంటే తెలిసిన కష్టం నయం.

ఆరో రోజున ఫోను చేశాడు. ఎక్కడికి వెళ్లేదీ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాడి గదిలో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన గోండు కుర్రాడు ఉన్నాడట. నీళ్లని ఆ అబ్బాయి ‘ఏర్’ అన్నాడట. మనం కోయలో ‘ఏరు’ అంటాం. “అమ్మా, ఇక్కడ హిందీ తప్ప ఇంకేం వినపడదనుకున్నా. మన మాట దొరికింది” అన్నాడు. ఆ రాత్రి నేను నిద్రపోయాను.

తరగతిలో మాత్రం ఒక ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. అల్లూరి పాఠం చెబుతుంటే ఏడో తరగతి పిల్ల లేచి, “టీచర్, గంటం దొర మీదికొచ్చిన సిపాయిలూ, మీ అబ్బాయీ ఒకటేనా?” అని అడిగింది. మిగతా పిల్లలు భయపడి దాని వంక చూశారు. నేను కోప్పడలేదు. అడగాల్సిన ప్రశ్నే అది.

నేను చెప్పిన జవాబు ఇది. ఆ సిపాయిలు మనది కాని రాజు మాట విని వచ్చారు. ఇప్పటి సైనికుడు శిక్షణ అయ్యాక కసమ్ పరేడ్‌లో భారత రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేస్తాడు. మన ప్రాంతాలకు రక్షణగా ఉన్న అయిదో షెడ్యూలు ఆ రాజ్యాంగంలోదే. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1/70, గ్రామసభకు బలమిచ్చిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం అన్నీ దాని నీడలోవే. మా వాడు మాటిచ్చింది ఒక దొరకు కాదు, ఈ పుస్తకానికి. అయితే మాట ఒకవైపే ఉండదు. వాడు తన మాట నిలబెట్టుకుంటుంటే, దేశం మనకిచ్చిన మాట కూడా నిలబడాలి. పోలవరం ముంపులో ఊరు వదిలి కాలనీల్లో బతుకుతున్న మన బంధువులకు, పోడు పట్టా కోసం ఏళ్లుగా తిరుగుతున్న తండ్రులకు ఆ మాట అందాలి. సరిహద్దు కాసే కొడుకు తల్లి తన పొలం గట్టు గురించి నిర్భయంగా అడగగలగాలి. అలా అడగడం దేశభక్తికి తక్కువ కాదు. నా లెక్కలో అది కూడా దేశభక్తే.

తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సైన్యానికి వెళ్తానన్న పిల్లను, పిల్లాణ్ణి చప్పట్లతో మాత్రమే పంపకండి. నాలుగేళ్ల లెక్క, 48 లక్షల బీమా, నామినీ కాగితం ఇవన్నీ తల్లిదండ్రుల ఎదుట, వాళ్ల భాషలో చదివి వినిపించండి. చదువురాని తల్లికి కొడుకు ఆర్మీ నంబరు, యూనిట్ చిరునామా ఒక అట్ట మీద రాసి ఇవ్వండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో చూపించండి. వెళ్లాలనుకునే యువతకు కూడా ఒక మాట. వెళ్లేముందు మీ అమ్మానాన్నలతో భయం గురించి మాట్లాడండి. వాళ్లు నోరు విప్పకపోతే మీరే మొదలుపెట్టండి.

మా వాడికి 2027 దాకా గడువుంది. తర్వాత ఉంచుకుంటారో పంపేస్తారో తెలియదు. ఈలోగా మా ఊళ్లో ఇంకో ఇద్దరు పిల్లలు మట్టిరోడ్డు మీద పరుగు మొదలుపెట్టారు. వాళ్లలో ఒకమ్మాయి తల్లి మొన్న సాయంత్రం మా ఇంటికొచ్చి, ఏమీ అడగకుండా అరుగు మీద కూర్చుంది. ఆవిడ ఎందుకొచ్చిందో నాకు తెలుసు. టీ పెట్టి పక్కన కూర్చుని, ఆరు రోజుల సంగతి దగ్గర మొదలుపెట్టాను.