భిన్నాలు రానివాళ్ళకు షార్ట్‌కట్లెందుకు?

షార్ట్‌కట్ అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంబీఏ ప్రవేశానికి రాసే ఐసెట్ పరీక్ష నోటిఫికేషన్ పడితే చాలు, మా పెందుర్తి జంక్షన్ నుంచి ఎన్‌ఏడీ దాకా ఏ కరెంటు స్తంభం చూసినా పది సెకన్లలో లెక్క తేల్చే కిటుకుల కాగితాలే. డిగ్రీ మూడేళ్ళూ లెక్కల జోలికి పోని బీఏ, బీకాం పిల్లలు ఎంబీఏ సీటు మీద ఆశతో వాటి వెంట పడతారు. 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టిన ఆంధ్రా యూనివర్సిటీ ఉన్న ఊరు మనది. అందులో చేరాలన్న కోరిక మంచిదే. కానీ ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అందులో లెక్కలవి 55. క్యాలిక్యులేటర్ ఉండదు. విదేశీ చదువులకు రాసే జీఆర్‌ఈలో తెర మీద ఇస్తారు గానీ, ఏది దేనితో భాగించాలో ఆ క్యాలిక్యులేటర్ చెప్పదు.

మా వీధిలో బీకాం పూర్తిచేసిన అమ్మాయి ఒకరోజు వచ్చి, "బాబాయ్, ఫార్ములాలన్నీ బట్టీ పట్టేశాను. లెక్క మాత్రం తెగట్లేదు" అంది. 3/7కి 2/5 కలపమన్నాను. పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కలిపి 5/12 వేసింది. తప్పనలేదు నేను. అరకు అర కలపమన్నాను. అదే పద్ధతిలో 2/4 వచ్చింది. అంటే మళ్ళీ అరే! కాసేపు కాగితం వంక చూసి, "రెండు అరలు కలిస్తే ఒకటి కావాలి కదా బాబాయ్" అంటూ తనే కొట్టేసింది. మళ్ళీ మొదటి లెక్కకు వచ్చి, కింద 35 వేసి, పైన 15కి 14 కలిపి, 29/35 తెచ్చింది. ఆ లెక్క ఇక ఆ పిల్లకు జన్మలో తప్పదు.

ఆరో తరగతి పుస్తకం తెచ్చుకోమన్నాను. డిగ్రీ అయ్యాక ఇదేం ఖర్మని వాళ్ళమ్మ నొచ్చుకుంది. నొచ్చుకోవలసిన పనే లేదు. శాతాలు, నిష్పత్తి, వడ్డీ, కాలం-పని అన్నిటికీ భిన్నాలే ప్రాణం. 37.5 శాతమంటే 3/8 అని తెలిసినవాళ్ళకు 640లో ఆ వాటా కట్టడానికి కాగితం అక్కర్లేదు: ఎనిమిదో వంతు 80, మూడు ఎనభైలు 240.

మా తాతగారైతే పావు ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా అప్పజెప్పించుకునేవారు. సాయంత్రం దీపం పెట్టే వేళకు అరుగు మీద కూర్చుని, "ముప్పావు పదిహేళ్ళు?" అని అడిగేవారు. పన్నెండూ ముప్పావు అనేదాకా లేవనిచ్చేవారు కాదు. పావులూరి మల్లన పేరు మొదట విన్నది ఆయన నోటనే. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తిక్కన కంటే ముందే తెలుగు పద్యాల్లోకి తెచ్చిన మహానుభావుడు మల్లన. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజలు రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్ళకూ కలిపి 18446744073709551615 అవుతాయి. అంత సంఖ్యనూ ఒక్క పద్యంలో ఇమిడ్చిన ఘనత ఆయనకే చెబుతారు. కవిత్రయం మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఆయన పేరైనా ఎత్తరు. ఇది అన్యాయం. డిగ్రీ తెలుగు వాచకంలో మల్లన పద్యానికి చోటు ఉండి తీరాలి. భారతం చెప్పే మాస్టారే దాన్నీ చెప్పాలి, బోర్డు మీద లెక్క చేసి మరీ చెప్పాలి.