మా గౌరి, ఎదురింటి ఆవు

హోసూరు ప్రాంతానికి మావాళ్ళు వచ్చి యెన్ని తరాలైందో మా తాతగారికే లెక్క తెలియదు. బయట అరవం, సంతలో కన్నడం, యింట్లో తెలుగు. పశువులతో మాత్రం మూడున్నూ. పాడి లేని యిల్లు మా బంధువర్గంలో లేదు. అందుచేత పశువులను గురించి మాకు తెలియని దేమున్నదనే గర్వం కొంత వుండేది. ఆ గర్వం యెట్లా దిగిందో చెప్పటానికే యీ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాము.

2022 కార్తికమాసంలో మా గౌరికి జ్వరం వచ్చింది. మేత ముట్టలేదు. మూడోనాటికి మెడమీదా, పొదుగుమీదా, వీపునిండా రూపాయిబిళ్ళలంతేసి గడ్డలు లేచాయి. పశువైద్యులు వచ్చి చూసి, ముద్దచర్మవ్యాధి అన్నారు. మనుషులకు రాదనీ, పశువునుంచి పశువుకు ముఖ్యంగా కుట్టే పురుగులవల్ల పాకుతుందనీ చెప్పి, గౌరిని వేరుగా, వీలైతే దోమతెర కింద కట్టమన్నారు.

మేము తల వూపాము. గౌరిని మాత్రం కదల్చలేదు. పదేళ్ళుగా తులసికోట పక్కన కట్టే ఆవు, ప్రతి శుక్రవారం పసుపుకుంకుమలు అందుకొనే ఆవు. జబ్బుపడ్డప్పుడు దాన్ని పెరటి కొట్టంలోకి తోలటానికి మా అమ్మకు మనసొప్పలేదు, మాకూ ఒప్పలేదు. తమలపాకులు, మిరియాలు, ఉప్పు, బెల్లం నూరి తినిపించాము. సాయంకాలం వేపాకు పొగ వేశాము.

అంతటితో వూరుకున్నా బాగుండేది. ఎదురింటి అక్కయ్య ఒంటరి మనిషి. ఆమెకు వున్నది ఒకటే ఆవు, దాని కొక దూడ. ఆ పాలమీదే ఆమె సంసారం. ఆ ఆవు మా గౌరితో కలిసి మేసింది గనుక దానికీ లోపల రోగం వుండే వుంటుందనీ, వీథితొట్టి దగ్గరకు తేకూడదనీ పదిమందిని కూడగట్టి చెప్పినవాళ్ళం మేమే.

“మా ఆవుకు ఏమీ లేదు కదప్పా! నీళ్ళకు కూడా రానీకపోతే ఎట్లా?” అన్నదామె.

నిజమే, దాని ఒంటిమీద ఒక్క గడ్డ లేదు. అయినా మేము వినలేదు. పాలు పోయించుకొనేవాళ్ళు కూడా మా మాట విని మానుకున్నారు. మూడు వారాలకు ఆ ఆవుకూ, దూడకూ గడ్డలు లేచాయి. ఆవు బతికింది, దూడ దక్కలేదు. మేము అన్నట్టే అయిందని అనుకున్నామేగాని, ఆ రోగం మా వాకిటినుంచే వెళ్ళిందేమో నన్న ఆలోచన మాకు తట్టలేదు.

అది తట్టించింది మా తమ్ముడి కూతురు. పశువైద్యం చదువుతున్నది. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు యీ కథంతా విని, ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ పరిశోధనాలయంవారు చేసిన ఒక పరీక్షను గురించి చెప్పింది. దాని ఫలితాలు 2021లోనే అచ్చయ్యాయట. ఆ పరీక్షకోసం దోమలనూ, కుట్టే ఈగలనూ ప్రయోగశాలలోనే పెంచారని చెబితే మేము నవ్వాము. దోమలను పెంచటమేమిటి, మన మురికికాలవలో కావలసినన్ని లేవా అన్నాము.

“కాలవ దోమ నిన్న ఎవరిని కుట్టిందో మీకు తెలుసా, పెదనాన్నా?” అన్నది.

సంగతి అక్కడే వున్నది. బయటి దోమ వయస్సు తెలియదు, ఏ పశువు నెత్తురు తాగి వచ్చిందో తెలియదు. గుడ్డునుంచి మనమే పెంచిన దోమకు ఆ చిక్కులేదు. దాని పిల్లలను నీళ్ళ పళ్ళేల్లో మేత వేసి పెంచుతారు. రెక్కలు వచ్చాక పంచదార నీళ్ళు యిస్తారు. గుడ్లు పెట్టటానికి నెత్తురు కావాలి గనుక, పల్చని పొరకింద వెచ్చచేసిన నెత్తురు వుంచుతారు. ఇట్లా పెరిగిన పురుగులో రోగం కనిపించిందంటే, అది ఫలానా పశువునుంచి, ఫలానా పూట ఎక్కినదేనని నిశ్చయంగా చెప్పవచ్చును.

వారు తీసుకొన్నవి నాలుగు రకాలు: డెంగీ తెచ్చే చారల దోమ, మురుగునీటి దోమ, నుసుము జాతి పురుగు ఒకటి, పశువులను కుట్టే ఈగ. యీ ఈగ చూపుకు యింటి ఈగలాగే వుంటుంది, మూతి మాత్రం సూది. దూడలకు రోగం ఎక్కించి, పురుగులున్న డబ్బాలను వాటి చర్మానికి ఆనించి కుట్టనిచ్చారు. ఆ దూడల బాధ తలుచుకొంటే మాకు కష్టంగానే వున్నది. కొన్ని దూడలకు గడ్డలు లేచాయి. కొన్నిటికి రోగం సోకినా పైకి తెలియలేదు.

గడ్డలున్న దూడను కుట్టిన పురుగుల్లో నూటికి సుమారు 23 విషక్రిమిని మోసుకుపోయాయి. పైకి బాగున్న దూడను కుట్టినవాటిలో వెయ్యికి 6 మాత్రమే. అంటే వందకు 97 పాళ్ళు తక్కువ. ఆ క్రిమి పురుగు ఒంట్లో పెరిగినట్టు కనపడలేదు. కడగని సూదికి అంటుకొన్నట్టు అంటుకొని వుంటుంది. అయినా చారల దోమలోనూ, కుట్టే ఈగలోనూ 8 రోజులదాకా నిలిచింది.

ఇది విన్నాక మేము చాలాసేపు మాట్లాడలేదు. గడ్డలతో నిండిన ఆవును వీథివాకిట్లో కట్టుకొని, గడ్డ ఒక్కటీ లేని ఆవును నీళ్ళకు రానీయనివాళ్ళం మేము. ఎదురింటి దూడ మావల్లనే పోయిందని రుజువు చేయలేమని పిల్ల అన్నది. కాదని రుజువు చేయటంకూడా మావల్ల కాదు గదా!

మరునాడు వెళ్ళి ఆమెతో వున్నదున్నట్టు చెప్పాము. ఆమె పేడ తట్ట దించి, అంతా విన్నది.

“పోయిన దూడ రాదు కదప్పా. ఇంకోసారి గడ్డ లేస్తే మీ ఆవును లోపల కట్టండి, అంతే” అన్నది.

ఆవేళనుంచీ మా యింటికి ఒక పూట పాలు ఆమె ఆవువే. మానుకున్న యిండ్లకు మేమే వెళ్ళి చెప్పి తిరిగి పోయించాము. గౌరి కోలుకొన్నది, మచ్చలు మాత్రం మిగిలాయి. కుళ్ళిన గడ్డీ పేడా కలిసినచోట కుట్టే ఈగ గుడ్లు పెడుతుందని విని, వాకిలి పక్కనున్న పెంటకుప్పను చేలోకి తోలించాము. యీ రోగానికి మన దేశంలో మేకమశూచి టీకా వాడుతున్నారు. పశువులు ఆరోగ్యంగా వున్నప్పుడే వేయించటం నేర్చుకొన్నాము.

ముద్దచర్మవ్యాధి 1929లో జాంబియా దేశంలో మొదట కనిపించిందట. మన దేశంలో 2019లో ఒడిశాలో బయటపడింది. 2022లో గుజరాతు, రాజస్థానాల్లో వేలకొద్దీ ఆవులను పొట్టనబెట్టుకొన్నది. మన చదువరుల్లో పాడివున్న యిండ్లు యింకా చాలా వున్నాయి. మీ వూళ్ళో యిది కనిపిస్తే, ముందు మీ కొట్టంలో గడ్డలున్న ఆవును దోమతెర కింద కట్టండి. దానిమీది ప్రేమవల్లనే కట్టండి. ఎదురింటి ఆవు సంగతి ఆ తరువాత చూడవచ్చును.