ఆస్తుల పేజీలో సున్నా

మా ఇంటి లెక్కల పుస్తకంలో బొమ్మల పటాలకు రెండు చోట్ల రెండు విలువలు రాసి ఉంటాయి. ఆస్తుల పేజీలో సున్నా. బీమా పేజీలో కొన్న ధర పూర్తిగా. మా తమ్ముడు బ్యాంకు ఉద్యోగి. ఆ రెండు పేజీలూ చూసి, "ఇదేం లెక్క అక్కా, ఒక్క వస్తువుకు రెండు ధరలా?" అన్నాడు. రెండూ నిజమేనని చెప్పాను. పటం పాడైతే అలాంటిదే మళ్లీ గీయించడానికి ఎంతవుతుందన్నది ఒక లెక్క. నాకు డబ్బు అవసరమై రేపు పొద్దున అమ్మబోతే ఎంత చేతికొస్తుందన్నది ఇంకో లెక్క. ఈ రెండూ ఒకటే అనుకున్న ఇంట్లో బొమ్మల మీద పెట్టే ఖర్చు మెల్లగా పొదుపులా కనిపించడం మొదలవుతుంది. పిల్లల చదువుకని దాచిన డబ్బులో చెయ్యి పెట్టడానికి ఆ ఒక్క భ్రమ చాలు.

నా దగ్గర ఉన్నవి ఎక్కువగా చేర్యాల పటాలు. వాటితోపాటు పాత వారపత్రికల కోసం గీసిన కథల బొమ్మలు, కార్టూన్లు కొన్ని ఉన్నాయి. పత్రికలోంచి కత్తిరించినవి కావు, ఇండియన్ ఇంకు, కుంచె తగిలిన అసలు కాగితాలు. చందమామ చదివి పెరిగినదాన్ని నేను. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గీసిన బొమ్మలు చూసే సగం కథ తెలుసుకునేదాన్ని. టీచరు ఉద్యోగం వచ్చి చేతిలో నాలుగు పైసలు ఆడడం మొదలయ్యాక ఆ ఇష్టం కొనడం వైపు తిరిగింది.

చేర్యాల మా జనగామకు పొరుగూరు లాంటిది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి, చేర్యాల సిద్దిపేటలో కలిసింది. అయినా మా అమ్మ ఇప్పటికీ "మన చేర్యాల" అనే అంటుంది. అక్కడి నకాషీ చిత్రకారులు గీసే పటం అసలు గోడకు వేలాడదీయడానికి పుట్టింది కాదు, కథ చెప్పడానికి పుట్టింది. మూరల కొద్దీ బట్ట, ఎర్రటి నేల, పూలతీగల అంచు, గడికో ఘట్టం. కథకుడు చుట్ట విప్పుకుంటూ, ఒక్కో గడి చూపిస్తూ రాత్రంతా పాడేవాడు. కాకిపడగల వారు ముదిరాజులకు, కూనపులి వారు పద్మశాలీలకు, డక్కలి వారు మాదిగలకు ఇలా వారి వారి కులపురాణాలు చెప్పేవారు. బొమ్మల కథ పత్రికలతోపాటు మనకు వచ్చిందని నేను చాలాకాలం అనుకున్నాను. అది మా పక్క ఊళ్లోనే ఉందని పటం విప్పి చూస్తేనే తెలిసింది.

డబ్బు కోణంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ కథకుల లెక్క. వాళ్లకు పటం జీవనాధారం. ఫలానా ఊళ్లలో కథ చెప్పి కట్నం పుచ్చుకునే మిరాశి హక్కు ఒక్కో కుటుంబానికి ఉండేది. పటం ఏటా ఊరూరా తిరిగి సంపాదించి పెట్టేది. వాడి వాడి రంగు రాలి, బట్ట చిరిగిపోయాక దానికి పూజ చేసి నీళ్లలో కలిపి, నకాషీ దగ్గర కొత్తది గీయించుకునేవారు. అంటే ఆ పటానికి సంపాదన ఉంది, అరుగుదల ఉంది, మళ్లీ కొత్తది కొనుక్కునే ఏర్పాటూ ఉంది. అదే పటం నా గోడ మీదికి వస్తే సంపాదన ఆగిపోతుంది, అరుగుదల మాత్రం ఆగదు. దాన్ని నేనే పోషించాలి. అందుకే దాన్ని ఆస్తిగా కాక, నెలనెలా ఖర్చుండే మనిషిగా లెక్కలోకి తీసుకున్నాను.

ఈ నిర్ణయం నుంచి పుట్టిందే మా ఇంట్లో మూడుకు ఒకటి అనే పద్ధతి. బొమ్మ మీద మూడు రూపాయలు పెట్టాలంటే దాన్ని కాపాడడానికి ఒక రూపాయి ముందుగా పక్కన ఉండాలి. ఆ రూపాయి లేకపోతే కొనుగోలు వాయిదా. పోస్టాఫీసులో ఇందుకోసమే ఒక రికరింగ్ డిపాజిట్ తెరిచాను. నెలకు 100 రూపాయల నుంచి కట్టుకోవచ్చు, ఐదేళ్ల గడువు. నేను 500 కడతాను. చిన్న మొత్తమే. కానీ పటం కొనే డబ్బు వేరు, నిలిపే డబ్బు వేరు అన్న గీత ఇంట్లో అందరికీ కనిపించేలా గీసింది ఆ పాసుపుస్తకమే. చిట్టి ఎత్తిన నెలలో ఒక పెద్ద మార్కండేయ పటం నా ముందు విప్పినప్పుడు నన్ను ఆపిందీ అదే. డబ్బుంది, ఫ్రేముకు లేదు. మరుసటి ఏడాది కొన్నాను.

ఫ్రేము అంటే చాలామందికి చుట్టూ నాలుగు కర్రలు, పైన అద్దం. నిజానికి ఖర్చంతా లోపల కనిపించని చోట ఉంటుంది. చేర్యాల పటం చేసే విధానం తెలిస్తే ఆ ఖర్చు ఎందుకో అర్థమవుతుంది. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, తుమ్మజిగురు, చింతగింజల అంబలి కలిపి పూతలు పూస్తారు. అది ఆరి గట్టిపడ్డాక దాని మీద బొమ్మ. పాత పద్ధతిలో ఇంగిలీకం, నీలి, దీపపు మసి లాంటివి జిగురులో కలిపి వాడేవారు. గంజీ జిగురూ పురుగులకు విందు. వెండిపురుగు, బొద్దింక ముందు చేరేది వాటి దగ్గరికే. మడత పెడితే సుద్ద పూత పగులుతుంది. తడిగుడ్డతో తుడిస్తే జిగురు కరిగి రంగు గుడ్డకే వస్తుంది. అద్దం నేరుగా ఆనుకుంటే వానాకాలం చెమ్మకు రంగు అద్దానికి అంటుకుంటుంది. అందుకే బొమ్మకూ అద్దానికీ నడుమ మందపాటి మౌంట్ బోర్డు ఉండాలి, అదీ ఆమ్లం లేనిదై ఉండాలి. వెనక మామూలు అట్ట, పాత న్యూస్ పేపరు పెడితే ఆ ఆమ్లమే కొన్నేళ్లకు కాగితాన్ని పసుపు పచ్చగా మార్చి పెళుసు చేస్తుంది. సెల్లోటేపు కూడా అంతే, జిగురు మరక ఇక పోదు. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దానికి మామూలు అద్దం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అడుగుతారు. ఆ అద్దం అన్నిటికీ అక్కర్లేదు. ఇండియన్ ఇంకులో ఉండేది కార్బన్ కాబట్టి వెలుతురుకు అంత తొందరగా వెలిసిపోదు. స్కెచ్‌పెన్ రంగులూ నీటిరంగులూ వెలిసిపోతాయి. అందుకని ఖరీదైన అద్దం రంగు బొమ్మలకు, మామూలు అద్దం నలుపు తెలుపు కార్టూన్లకు అని పంచుకున్నాను.

ఫ్రేము కట్టే పెద్దాయన నా బడ్జెట్ విని జాలిపడి, "మేడమ్, లామినేషన్ చేయించుకోండి, సగం పైసల్లో అయిపోతది, జిందగీ మొత్తం ఉంటది" అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. కానీ వేడితో అతికించిన ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయలేం. వెనక్కి తీసుకోలేని పని ఏదీ ఒరిజినల్ మీద చేయకూడదన్నది నేను గట్టిగా నమ్మేది. డబ్బు తక్కువైన ఏడాది ఫ్రేము ఆపేసి, బొమ్మను ఆమ్లం లేని కాగితంలో పెట్టి, చీకట్లో ఉంచాను. చీకటికి పైసా ఖర్చు లేదు.

చీకట్లో ఉంచడం ఊరికే చేసిన పని కాదు. కాగితం, బట్ట మీది బొమ్మలకు మ్యూజియాలు సాధారణంగా 50 లక్స్ వెలుతురుకు మించనివ్వవు. మన హాల్లో కిటికీ పక్కన అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. వెలుతురు చేసే నష్టం పోగుపడుతూనే ఉంటుంది, రాత్రి దీపం ఆర్పినా పోయిన రంగు తిరిగి రాదు. కాబట్టి మా గోడ మీద ఒక్కసారికి కొన్ని మాత్రమే ఉంటాయి, మిగతావి లోపల. దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి మారుస్తాం. చుట్టే పటాలను సన్నటి గొట్టానికి కాదు, లావుపాటి గొట్టానికి ఉతికిన నూలుబట్ట చుట్టి, రంగు వైపు బయటికి వచ్చేలా వదులుగా చుడతాను. పైన మళ్లీ నూలుబట్ట. పెట్టెలో వసకొమ్ములు మూటగట్టి ఓ మూల ఉంచుతాను. తాళపత్రాలను కాపాడినవాళ్ల పద్ధతే అది. నాఫ్తలీన్ ఉండలు నేను వాడను.

మా ఇద్దరి ఉద్యోగాల వల్ల జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు ఊళ్లలోనూ ఇల్లు మారాం. కిరాయి ఇంట్లో గోడ మనది కాదు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వంటిల్లు, బోరు నీళ్లతోపాటు నేను చూసే ఇంకో విషయం, వాన తగలని లోపలి గోడ ఒక్కటైనా ఉందా అని. బయటి గోడకు తగిలించాల్సి వస్తే ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అతికిస్తాం, గాలి ఆడడానికి. భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము సన్నగా, జిడ్డుగా ఉంటుంది. ఫ్రేము వెనక భాగాన్ని కాగితం పట్టీతో పూర్తిగా మూయించే ఖర్చు అక్కడే మొదలైంది. మహబూబాబాద్‌లో మరో రకం, మిర్చి సీజన్‌లో ఇల్లంతా ఘాటు, తలుపులు మూసే ఉంచుతాం కనుక గదిలో గాలి ఆడక చెమ్మ నిలుస్తుంది. సిలికా జెల్ సంచులు కొని, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకుంటున్నాం.

నీళ్ల సంగతి వేరు. 2023 జులై 27 తెల్లవారుజామున మోరంచ వాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మనుషుల ప్రాణాలు, పశువులు, పంటలు పోయిన చోట బొమ్మల మాట ఎత్తడానికి నోరు రాదు. అయినా ఇంటి లెక్క రాసేదాన్ని కాబట్టి మా ఇంట్లో వెంటనే రెండు పనులు చేశాను. పటాల పెట్టెను నేల మీంచి తీసి నడుమెత్తు అలమారాలో పెట్టాను. అటక మీద పెట్టలేదు, ఎండాకాలం స్లాబు కింద వేడికి పూత పగులుతుంది. రెండోది, బీమా.

కిరాయికుండేవాళ్లూ సామానుకు మాత్రమే గృహ బీమా తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో అగ్నిప్రమాదం, వరద ఉన్నాయి. కానీ బొమ్మలు, కళాఖండాలు మామూలు సామాను కిందికి రావు. విలువైన వస్తువుల కింద విడిగా, ముందే ఒప్పుకున్న విలువకు రాయించుకోవాలి. మొత్తం 5 లక్షలు, ఒక్కో వస్తువు లక్ష దాటకపోతే విలువ నిర్ధారణ పత్రం అడగరు. మధ్యతరగతి సేకరణకు ఈ వెసులుబాటు పెద్ద ఊరట. చెమ్మ, పురుగు, వెలిసిపోవడం మాత్రం ఏ బీమా కిందికీ రావు. వాటికి నా పోస్టాఫీసు డబ్బే దిక్కు.

బీమాకైనా పన్నుకైనా రసీదు కావాలి. చిత్రకారుడి దగ్గర నేరుగా కొన్నప్పుడు తెల్లకాగితం మీదైనా సరే బొమ్మ పేరు, కొలత, తేదీ, ధర రాయించి సంతకం పెట్టించుకుంటాను. మొదట్లో మొహమాటంగా ఉండేది. చేర్యాలలో ఒక పెద్దాయన, "రాయించుకో అమ్మా, రేపు నా పేరు కూడా ఆ కాగితంలనే ఉంటది" అన్నాక ఆ మొహమాటం పోయింది. ఇంట్లో ఉన్న వస్తువే కదా, అమ్మితే పన్నేమిటి అనుకుంటారు. 2007 నాటి ఫైనాన్స్ చట్టం నుంచి చిత్రాలు, డ్రాయింగులు వ్యక్తిగత సామాను కిందికి రావు, అమ్మితే లాభం మీద మూలధన లాభాల పన్ను ఉంటుంది. 2024 జులై 23 తర్వాతి నిబంధనల ప్రకారం 24 నెలలు దాటి ఉంచుకున్నదైతే 12.5 శాతం, ద్రవ్యోల్బణం సర్దుబాటు లేదు. కొన్న ధరకు రుజువు లేకపోతే లాభం ఎంతో చెప్పడమే కష్టం. నూరేళ్లు దాటిన పాత పటం దొరుకుతుందని ఎవరైనా ఆశపెడితే నేను వెళ్లను. 1972 నాటి పురావస్తువుల చట్టం దానికి వర్తిస్తుంది. ఆ చట్టం పెట్టే బాధ్యత మ్యూజియాలు మోయాల్సింది, కిరాయి ఇల్లు కాదు.

2021 జనవరిలో టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే 'బ్లూ లోటస్' ముఖచిత్రం కోసం గీసిన ఒరిజినల్ పారిస్ వేలంలో సుమారు 32 లక్షల యూరోలు పలికింది. ఆ వార్త మా స్టాఫ్‌రూమ్‌లో చదివి, "నీ గోడ మీద కూడా కోట్లున్నయేమో" అన్నారు. ఎర్జే కాగితానికి వేలం సంస్థలు, నిపుణులు, ప్రపంచమంతా కొనేవాళ్లు ఉన్నారు. నా కార్టూన్‌కు రేపు కొనేవాళ్లెవరో నాకు తెలియదు. కొనేవాళ్లు తెలియని దాని విలువను పెన్షన్ లెక్కలో కలపడం నా మనసుకు ఒప్పలేదు. అందుకే ఆ సున్నా.

ఆ లెక్కలో ఒక బాకీ మాత్రం రాసిపెట్టాను. కాపీరైట్ చట్టంలో పునర్విక్రయ వాటా అని ఒక హక్కుంది. ఒరిజినల్ చిత్రాన్ని 10,000 రూపాయలకు మించి తిరిగి అమ్మితే గీసినవాళ్లకు లేదా వాళ్ల వారసులకు అందులో వాటా అడిగే హక్కుంది, అది 10 శాతానికి మించదు. బొమ్మ కొన్నంత మాత్రాన దాన్ని అచ్చువేసుకునే హక్కూ మనకు రాదు. క్యాలెండర్‌కు వాడుకుంటామని ఒకరు అడిగితే చిత్రకారుడి ఫోన్ నంబరు ఇచ్చి పంపాను. మా పిల్లలు ఎప్పుడైనా అమ్ముకుంటే ఆ వాటా ఎవరెవరికి చేరాలో ఒక్కో రసీదు వెనక పేరు రాశాను.

ఈ ఏడాది రికరింగ్ డిపాజిట్ గడువు తీరింది. అందులో కొంత పాత ఫ్రేముల వెనక అట్టలు మార్చడానికి పోయింది. మిగిలింది చూసుకుని సమ్మక్క సారలమ్మ కథతో కొత్త పటం ఒకటి చెప్పాను. సగం డబ్బు ముందే ఇచ్చాను. నెలలు పట్టే పనికి నకాషీ ఇంట్లో పొయ్యి ఆగకూడదు కదా. మిగతా సగం పటం చేతికొచ్చిన రోజున ఇస్తాను. దాని ఫ్రేము డబ్బు కొత్త పాసుపుస్తకంలో పడుతోంది.