జాలీ ఉన్న క్యాబినెట్

ఈ పేజీలో ఇప్పటిదాకా తాత కాగితాలు, అవ్వ పాడిన పెళ్లి పాటలు, చింతకి ఇంటి పాత ఫోటోలు పెట్టుకుంటూ వచ్చాం. ఈసారి కంప్యూటర్ డబ్బా గురించి రాస్తున్నాం. ఇదేంది ఇక్కడ అనుకోకండి, తిరిగి తిరిగి ఇదీ పాత ఇంటికే వచ్చింది. మేము చదివింది కన్నడ మీడియంలో. తెలుగు అక్షరాలు తర్వాత నాయిన దగ్గర దిద్దుకున్నవి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మా ఊరు బీదర్ జిల్లా ఔరాద్ తాలూకాలో ఉంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రం, ఆ తర్వాత మైసూరు. అందుకే ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజార్లో దక్కనీ. దుమ్ముకు కూడా మాకు మూడు మాటలున్నాయి: దుమ్ము, ధూళు, ధూల్. ఏ పేరుతో పిలిచినా అది కంప్యూటర్లోకి దూరేది ఫ్యాను దారినే.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నాయినకు ఒంట్లో బాగుండక బెంగళూరు వదిలి ఇంటికొచ్చేశాం. ఇంటి నుంచే పని చేసుకోమని కంపెనీ ఒప్పుకుంది కానీ, పని తేడా వస్తే మళ్లీ ఆఫీసుకు రావాలని ముందే చెప్పింది. ల్యాప్‌టాప్ చాలదని విడి భాగాలు తెప్పించి డెస్క్‌టాప్ కట్టించుకున్నాం. క్యాబినెట్‌ను మాత్రం బొమ్మ చూసి ఎంచుకున్నాం. ముందు వైపంతా అద్దం, లోపల రంగు లైట్ల ఫ్యాన్లు మూడు. తమ్ముడి ముచ్చట అని ఇంట్లో చెప్పాం. మాదీ అదే ముచ్చట.

ఏప్రిల్ వచ్చింది. మధ్యాహ్నం నడిపిన టెస్టులు ఫెయిల్ కాసాగాయి. బగ్గు రాసి పంపితే అవతలి డెవలపర్లు "మా దగ్గర బాగానే నడుస్తోంది" అని తిప్పి పంపేవాళ్లు. ఒకటి కాదు, వారంలో తొమ్మిది. టెస్టర్ రాసిన బగ్గు అబద్ధమని తేలితే ఇక ఆ టెస్టర్ మాటకు విలువ ఏముంటుంది? ఫోన్లో మేనేజర్ గొంతు కూడా మారింది.

ఓ రోజు నిద్ర పట్టక తెల్లవారుజామున అవే టెస్టులు నడిపాం. అన్నీ పాస్. మధ్యాహ్నం రెండింటికి నడిపితే ఫెయిల్. అప్పుడు వెలిగింది. ప్రాసెసర్ తన వేడి హద్దుకు చేరితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, దాన్ని థ్రాట్లింగ్ అంటారు. కాలిపోకుండా తనను తాను కాచుకోవడమే అది. కానీ మా టెస్టులకు గడువుంటుంది, పేజీ 30 సెకన్లలో తెరుచుకోకపోతే ఫెయిల్ అని రాసుకుంటాయి. అంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, మా డబ్బాది.

ఇక మా విద్యనే మా కంప్యూటర్ మీద వాడాం. ఒకసారి ఒక్కటే మార్చాలి, మిగతాదంతా అట్లనే ఉంచాలి. మేడ మీది స్లాబు గదిలో 41 డిగ్రీలు. ఉన్నది ఉన్నట్టు నడిపితే ప్రాసెసర్ 97. పక్క పలక తీస్తే 85. పక్కది బిగించి, ముందరి అద్దం ఒక్కటే తీస్తే 83! ముందు మూడు ఫ్యాన్లు తిరుగుతున్నా, అద్దానికీ చట్రానికీ మధ్య వేలెడు సందులోంచే అవి గాలి పీల్చాలి. ముక్కు మూసి పరుగెత్తమన్నట్టు.

అద్దం తీసి అట్లనే వాడుకోవచ్చు కదా అని తమ్ముడు అన్నాడు. రెండు రోజులు వాడాం. మూడో రోజు లోపల బల్లి.

కొత్తది కొనడానికి నాయినను తోడు తీసుకొని సికింద్రాబాద్ సీటీసీకి పోయాం. డాక్టరును చూపించే పని కూడా ఉండె. పోయే ముందు రాత్రి కోర్సెయిర్ 4000 వరస గురించి చదివాం. 2020లో వచ్చినవి. చట్రం ఒకటే, ముందు తలుపు మాత్రం వేరు: 4000డీకి మూసిన రేకు, 4000డీ ఎయిర్‌ఫ్లోకు చిల్లుల రేకు, 4000ఎక్స్‌కు అద్దం. అది మాకు పాఠంలా పనికొచ్చింది. కొన్నది మాత్రం అంతకంటే తక్కువ ధరది, కానీ ముందంతా జాలీ. ముందు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, వెనక 120ది ఒకటి. పెద్ద ఫ్యాను మెల్లగా తిరిగినా అంతే గాలి తోస్తుంది, చప్పుడు తక్కువ.

లోపలికొచ్చే గాలి బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువుండాలని కూడా చూశాం. అప్పుడు డబ్బా లోపలి ఒత్తిడి సందుల్లోంచి బయటికే తోస్తుంది, దుమ్ము ఫిల్టరు దాటి రాక తప్పదు. తిరగేస్తే ప్రతి సందూ దుమ్ము పీలుస్తుంది. కందులు నూర్చే రోజుల్లో మా ఊరి గాలి చూసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఫిల్టరు స్క్రూలు విప్పకుండా ముందు నుంచే ఊడిరావాలి. కష్టమైతే ఎవరూ కడగరు, కడగకపోతే జాలీ కూడా అద్దమే.

అంగడిలో నాయిన ఆన్ చేసిన డబ్బా ముందూ వెనకా అరచెయ్యి పెట్టి చూసి, జేబులోంచి ఊదుబత్తి తీశాడు. మాకు సిగ్గేసింది. పొగ జాలీలోకి సూటిగా పోయింది. "తూర్పార పట్టేటోనికి గాలి ఎటు పోతుందో చూపాల్నా బిడ్డా" అన్నాడు. అంగడి పిల్లవాడు ఇంకో రెండు డబ్బాలకు కూడా పొగ పెట్టించుకున్నాడు.

ఇంటికొచ్చాక నాయినే ఇంకో మాట అన్నాడు: "డబ్బా మార్చినవ్, గది మార్చవా?" నిజమే. ఏ ఫ్యానూ గదిలో ఉన్న గాలికంటే చల్లని గాలిని తేలేదు. గది పది డిగ్రీలు పెరిగితే లోపల కూడా దాదాపు పదీ పెరుగుతుంది. కింద జొన్నలు పోసుకునే పాత గది ఖాళీగా ఉంది. మందపాటి రాతి గోడలు, పైన గవాచి. మే మధ్యాహ్నం అక్కడ 34. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి డబ్బా పైన కూడా ఫ్యాను పెట్టాలని తమ్ముడి వాదన. ఫ్యాను తోపు ముందు ఆ సహజమైన కదలిక చాలా చిన్నది, ఆ లెక్క గవాచికి చెల్లుతుంది గానీ డబ్బాకు కాదు. ఈ వాదన ఇంకా తెగలేదు.

ఇప్పుడు మే మధ్యాహ్నం, మూట మొత్తం టెస్టులు నడిస్తే 75 దాటడం లేదు. తిప్పి పంపిన తొమ్మిది బగ్గులనూ మళ్లీ నడిపాం. ఎనిమిది మా తప్పే. ఆ ఎనిమిదింటికీ క్షమాపణ రాసి పంపాం. ఒక్కటి మాత్రం తెల్లవారుజామునా ఫెయిలే, చల్లగా ఉన్నా ఫెయిలే. దాన్ని మళ్లీ తెరిపించాం. రెండు రోజులకు అవతలి నుంచి జవాబొచ్చింది, నిజమేనని.

ఆదివారం పొద్దున అమ్మ పిండి జల్లెడతో పాటు ఫిల్టరు కూడా కడిగి గడప మీద ఆరబెడుతుంది. పూర్తిగా ఆరిందాకా ఎవరూ దాన్ని ముట్టొద్దు.